వేడికి గోడలున్నాయి, తేమకు లేవు

మే నెలలో సాయంత్రం నాలుగింటికి అమీర్‌పేటలో ఏ అపార్ట్‌మెంటు పై అంతస్తుకైనా వెళ్లి చూడండి. ఒకే ఫ్లాటులో మూడు గదులకు మూడు రకాల ఉక్క ఉంటుంది. తూర్పు పడగ్గదిలో ఫ్యాను వేసుకుని ఎలాగో కూర్చోవచ్చు. పడమటి గది గోడ మీద చెయ్యి వేస్తే చురుక్కుమంటుంది. నడిమి హాలుకు ఎండా తగలదు, గాలీ తగలదు. ఈ మూడింటి నెత్తినా పొద్దుటి నుంచి కాగుతున్న స్లాబు ఉంటుంది. అది రాత్రి పదకొండు దాటినా చల్లబడదు. ఇంటివాళ్లు ఏసీ ఒక్క గదికే పెట్టించుకుని ఉంటారు. రాత్రి ఇంటిల్లిపాదీ పరుపులు, చాపలు పట్టుకుని ఆ గదిలోకే చేరతారు.

ఇంజనీర్ల భాషలో దీన్ని గదివారీ నియంత్రణ అంటారు. ఏ గదికి ఎంత వేడి కావాలో, ఎంత చలి కావాలో ఆ గదికే విడిగా ఏర్పాటు చేసుకోవడం. మనవాళ్లకు ఇది కొత్తేమీ కాదు. గదికో ఫ్యాను, దానికో రెగ్యులేటరు, డబ్బుంటే గదికో స్ప్లిట్ ఏసీ. హైదరాబాదు ఇళ్లలో ఇల్లు మొత్తానికీ ఒకే యంత్రం అన్న పద్ధతి పెద్దగా లేదు. చలిదేశాల్లో కథ వేరు. అక్కడ ఇంటికో భవనానికో ఒకే బాయిలరు, ఒకే నీళ్ల వేడి. ఆ ఒక్క వేడిని గదికి తగ్గట్టు పంచడం అక్కడ వందేళ్లకు పైగా ఇంజనీర్లకు పనిపెట్టిన సమస్య. దాని పరిష్కారాల్లో అన్నిటికంటే అందమైనది, అన్నిటికంటే మొండిది, నేల కింద పైపులు పరిచి గదిని కాచే పద్ధతి. అండర్‌ఫ్లోర్ హీటింగ్ అన్నది దాని పేరు.

హైదరాబాదుకు దానితో ఏం పని అనిపించవచ్చు. మెట్రోలో అమీర్‌పేట నుంచి నాగోలు వైపు ఒక్క స్టేషను దాటితే బేగంపేట. అక్కడి పాత విమానాశ్రయం దగ్గరే వాతావరణ కేంద్రం ఉంది. హైదరాబాదు పేరుతో రికార్డులకెక్కిన అత్యధిక ఉష్ణోగ్రత 1966 జూన్ 2 నాటి 45.5 డిగ్రీలు, అత్యల్పం 1946 జనవరి 8 నాటి 6.1 డిగ్రీలు. మామూలు డిసెంబరు తెల్లవారుజాముల్లో పాదరసం 14, 15 దగ్గర ఆగుతుంది. పగలంతా ఎండ తాగిన కాంక్రీటు ఇల్లు లోపల అంత చల్లబడదు. ఇక్కడ నేలను కాచుకోవాల్సిన అగత్యం లేదు. కొత్తగా విల్లా కట్టుకునేవారు బాత్రూము నేల కింద కరెంటు మ్యాటు వేయించుకుంటే వేయించుకోవచ్చు. చదరపు మీటరుకు 150 వాట్ల చొప్పున నాలుగు చదరపు మీటర్లకు గంటకు 0.6 యూనిట్లు కాలుతుంది. పెద్ద ఖర్చేమీ కాదు, పెద్ద ప్రయోజనమూ లేదు.

అయినా ఈ అధ్యాయం అమీర్‌పేటలో మొదలుపెట్టడానికి రెండు కారణాలున్నాయి. అమీర్‌పేటలోని మైత్రీవనం చుట్టుపక్కల సందుల్లో జావా, పైథాన్ నేర్చుకున్న కుర్రాళ్లు చలిదేశాలకు వెళ్తూనే ఉన్నారు. అక్కడ అద్దెకు తీసుకున్న గదిలో గోడకు తెల్లటి చిన్న గుండ్రటి మీట కనబడుతుంది. దాన్ని తిప్పితే ఏమీ జరగదు. మళ్లీ తిప్పితే అప్పుడూ ఏమీ జరగదు. రాత్రి రెండింటికి గది ఉడికిపోతుంది. "నేలలో వేడి పెట్టారమ్మా, మన మాట వినడంలేదు" అని ఇంటికి ఫోన్లో చెప్పుకునే ఆ మొండితనం వెనక చక్కటి భౌతికశాస్త్రం ఉంది. రెండో కారణం, ఇదే శాస్త్రాన్ని తిరగేసి నేలలో, స్లాబులో చల్లటి నీళ్లు పారించే ప్రయోగం ఒకటి హైదరాబాదులోనే జరిగింది. ప్రపంచంలో ఆ రంగంలో పనిచేసేవాళ్లు ఇప్పటికీ దాన్ని ఉదాహరిస్తారు.

ముందు మన ఒంటి సంగతి. గదిలో ఎంత వేడిగా ఉందో థర్మామీటరు చెప్పే అంకె సగం నిజమే. మన చర్మం గాలితో ఎంత వేడి ఇచ్చిపుచ్చుకుంటుందో, చుట్టూ ఉన్న గోడలు, పైకప్పు, నేలతో వికిరణం ద్వారా ఇంచుమించు అంతే ఇచ్చిపుచ్చుకుంటుంది. గాలి కదలిక తక్కువగా ఉన్న గదిలో ఒంటికి తెలిసే వేడి దాదాపు ఈ రెండింటి సగటు. గాలి 28 డిగ్రీలు, చుట్టూ ఉన్న తలాల సగటు 34 అయితే మనకు 31లా ఉంటుంది. పై అంతస్తులో ఏసీ 24లో పెట్టినా నెత్తి మీద ఏదో కాస్తున్నట్టు ఎందుకుంటుందో దీన్నిబట్టి తెలుస్తుంది. గాలిని ఏసీ చల్లబరిచింది, స్లాబును ఎవరూ చల్లబరచలేదు.

నేల హీటింగ్ ఈ వికిరణం మీదే బతుకుతుంది. గాలిని మరగకాచి గదిలో తిప్పడం దాని పని కాదు. మనిషి పాదాల కింద ఒక పెద్ద తలాన్ని కొద్దిగా, చాలా కొద్దిగా వెచ్చబెట్టడమే దాని పని. రోమన్లు స్నానశాలల నేలల కింద పొయ్యి పొగను పారించారు. కొరియావాళ్లు వంటింటి పొయ్యి వేడినే గది కిందుగా మళ్లించి దానికి ఓండోల్ అని పేరు పెట్టుకున్నారు. ఆ పాత పద్ధతుల్లో గదివారీ లెక్కలు లేవు. పొయ్యికి దగ్గరున్నవాడికి వెచ్చన, దూరంగా ఉన్నవాడికి చలి. ఓండోల్ గదిలో పొయ్యి వైపు చోటును పెద్దలకు, అతిథులకు ఇవ్వడం మర్యాద అయింది. సన్నటి పైపులు వచ్చాకే, నీళ్లను ఏ గదికి ఎన్ని కావాలంటే అన్ని పంపడం వీలయ్యాకే, అసలు లెక్క మొదలైంది.

ఆ లెక్క ఎంత సున్నితమో చూద్దాం. యూరపు ప్రమాణాల ప్రకారం మనుషులు తిరిగే చోట నేల పైతలం 29 డిగ్రీలు దాటకూడదు. దాటితే పాదాలకు ఇబ్బంది. గది 20 డిగ్రీలుంటే తేడా తొమ్మిది. ఆ తేడాకు నేల నుంచి గదిలోకి వచ్చే వేడి చదరపు మీటరుకు సుమారు 100 వాట్లు. అంతకు మించి రాదు. బాగా కట్టిన కొత్త ఇంటికి చలికాలంలో 40, 50 వాట్లు చాలు కాబట్టి నేల 24, 25 దగ్గరే ఉంటుంది. ఒంటి వేడి కన్నా చల్లనే. చెయ్యి పెట్టి చూస్తే వెచ్చగా కూడా అనిపించదు. కొత్తగా వెళ్లినవాళ్లు హీటింగ్ పాడయిందని ఇంటి యజమానికి ఫోను చేసేది ఇక్కడే.

గది 12 చదరపు మీటర్లు, అంటే దాదాపు 130 చదరపు అడుగులు అనుకుందాం. చదరపు మీటరుకు 50 వాట్ల చొప్పున గదికి 600 వాట్లు కావాలి. పైపులోకి వెళ్లే నీటికీ తిరిగొచ్చే నీటికీ ఏడు డిగ్రీల తేడా ఉండేలా చూస్తే, నిమిషానికి ఒక లీటరూ పావు నీళ్లు పారితే సరిపోతుంది. బాత్రూము కొళాయి సన్నగా విప్పితే వచ్చే ధార కన్నా తక్కువ. పైపును 15 సెంటీమీటర్ల ఎడంతో పాములా మెలికలు తిప్పుకుంటూ పరిస్తే ఆ గదికి 80 మీటర్ల పైపు పడుతుంది. ఒక్కో చుట్ట 100 మీటర్లు దాటకుండా చూస్తారు. దాటితే నీళ్లు నెట్టడానికి పంపు చాలదు.

గదులన్నిటి చుట్టలూ గోడలో ఒక పెట్టె దగ్గర కలుస్తాయి. దాన్ని మానిఫోల్డ్ అంటారు. ఇత్తడితోనో స్టీలుతోనో చేసిన రెండు అడ్డ గొట్టాలు, ఒకదాని నుంచి వేడి నీళ్లు గదులకు చీలతాయి, రెండోదాంట్లోకి చల్లారిన నీళ్లు చేరతాయి. నా ఉద్దేశంలో గదివారీ నియంత్రణ అంతా ఈ పెట్టెలోనే ఉంది, గోడ మీది మీటలో కాదు. నీళ్లు సులువు దారి వెతుక్కుంటాయి. బాత్రూముది 25 మీటర్ల చుట్ట, హాలుది 95 మీటర్లది. రెండింటినీ ఒకేలా విప్పి వదిలితే నీళ్లన్నీ బాత్రూములోంచి గిర్రున తిరిగి వచ్చేస్తాయి, హాలు చలికి వణుకుతుంది. అందుకే పొట్టి చుట్టలను వాల్వుతో కొంచెం నొక్కి, పొడుగు వాటిని పూర్తిగా విప్పి, ఒక్కో గదికి లీటర్ల లెక్కన సరిచూడాలి. ఈ పని ఒకసారి, ఓపికగా, కాగితం మీది లెక్కతో చెయ్యాల్సింది. చాలా ఇళ్లలో చెయ్యరు. ఆ తర్వాత గదికో ఖరీదైన థర్మోస్టాటు పెట్టి, యాప్ పెట్టి, అయినా హాలు వెచ్చబడలేదని విసుక్కుంటారు.

గోడ మీది మీట చేసేది ఒక్కటే. గది అడిగిన వేడి చేరితే మానిఫోల్డ్ మీద ఆ గది వాల్వును మూయిస్తుంది. మూసే పరికరంలో చిన్న మైనపు డబ్బీ ఉంటుంది. కరెంటు తగిలితే మైనం కరిగి ఉబ్బుతుంది, ఆ ఉబ్బుకు వాల్వు పిన్ను కదులుతుంది. దీనికే మూడు నాలుగు నిమిషాలు పడుతుంది. స్విచ్ వేయగానే లైటు వెలిగే ఇంట్లో పెరిగినవాళ్లకు ఇది ఆలస్యమే, కానీ అసలు ఆలస్యం ముందర ఇదొక లెక్క కాదు.

అసలు ఆలస్యం గచ్చులో ఉంది. పైపుల మీద పోసే సిమెంటు పొర ఆరున్నర సెంటీమీటర్ల మందం. చదరపు మీటరుకు 130 కిలోల బరువు. దాన్ని ఒక్క డిగ్రీ వేడెక్కించడానికి దాదాపు 130 కిలోజౌళ్లు కావాలి. చదరపు మీటరుకు 60 వాట్లు పంపుతుంటే, గదిలోకి ఏమాత్రం పోకుండా అంతా గచ్చులోనే నిలిచినా, ఒక డిగ్రీకి 36 నిమిషాలు. నాలుగు డిగ్రీలకు దాదాపు రెండున్నర గంటలు పడుతుంది. నిజానికి కొంత వేడి గదిలోకి పోతూ ఉంటుంది కాబట్టి ఇంకా ఎక్కువ. దళసరి ఇనుప పెనం మీద అట్టు వేసినవాళ్లకు ఇది తెలుసు. సెగ పెంచితే మొదటి అట్టుకు ఏమీ తేడా ఉండదు, తగ్గించాక కూడా రెండు అట్లు మాడతాయి. మన కుర్రాడు సాయంత్రం ఏడింటికి మీట తిప్పాడు, పదింటికి మళ్లీ తిప్పాడు. రాత్రి రెండింటికి రెండు తిప్పుళ్ల ఫలితమూ కలిసి వచ్చింది.

కాబట్టి ఆఫీసుకు వెళ్తూ ఆపేసి వచ్చాక వేసుకుందాం అన్న మన ఏసీ తెలివి నేల దగ్గర పనిచెయ్యదు. రాత్రి రెండు డిగ్రీలు తగ్గించి మిగుల్చుకుందామనుకుంటే గచ్చు చల్లబడేసరికి తెల్లారుతుంది, తిరిగి వేడెక్కేసరికి మధ్యాహ్నమవుతుంది. నేల హీటింగ్ ఉన్న ఇంట్లో మంచి అలవాటు మీటను ఒక చోట పెట్టి వదిలెయ్యడమే. బయటి చలినిబట్టి నీటి వేడిని మార్చే పని బయట గోడకున్న సెన్సారుకు అప్పజెప్పాలి.

అయితే ఈ మొండితనానికి ఒక తోబుట్టువు ఉంది, అది మంచిది. నేల 24, గది 20 ఉన్నప్పుడు తేడా నాలుగు డిగ్రీలు, నేల ఇచ్చేది చదరపు మీటరుకు 41 వాట్లు. కిటికీలోంచి ఎండ పడింది, నలుగురు స్నేహితులు వచ్చారు, గది 21 అయింది. తేడా మూడుకు పడిపోయింది, నేల ఇచ్చేది 30 వాట్లకు దిగింది. ఏ వాల్వూ కదల్లేదు, ఏ మీటా తిరగలేదు, నాలుగో వంతుకు పైగా వేడి తనంతట తాను తగ్గింది. 60 డిగ్రీల రేడియేటరుకు ఈ గుణం ఉండదు. గది ఒక డిగ్రీ పెరిగితే దానికి తెలియను కూడా తెలియదు. నేల ఎంత చల్లగా ఉంటే, అంటే గదికి ఎంత దగ్గరగా ఉంటే, ఈ స్వయంనియంత్రణ అంత బలంగా ఉంటుంది. బాగా కట్టిన ఇళ్లలో గదికో థర్మోస్టాటు అసలు అక్కర్లేదని వాదించే ఇంజనీర్లు ఉన్నారు, వాళ్ల వాదన ఈ అంకెల మీదే నిలబడి ఉంది.

జర్మనీ చట్టం మాత్రం ఆ వాదనకు పూర్తిగా తలొగ్గలేదు. 2020 నవంబరులో అమల్లోకి వచ్చిన అక్కడి భవన ఇంధన చట్టం నీళ్లతో కాచే ఇళ్లలో ప్రతి గదికీ విడి నియంత్రణ ఉండాలంది. ఆరు చదరపు మీటర్లలోపు గదుల్లో నేల హీటింగుకు మినహాయింపు ఇచ్చింది. పెద్ద గదులకు వాదన కన్నా బిల్లు ముఖ్యం. అక్కడ అపార్ట్‌మెంట్లలో హీటింగ్ ఖర్చులో కనీసం సగం ఎవరు వాడినదాన్నిబట్టి వాళ్లకే వెయ్యాలన్న నిబంధన ఉంది. ఎవరి మీట వాళ్లకు లేకుండా ఎవరి బిల్లు వాళ్లకు వెయ్యడం న్యాయం కాదు.

మీట ఉన్నా గదుల మధ్య ఎంత తేడా నిలబెట్టగలం? పడగ్గది 18, హాలు 21 ఉండాలనుకుందాం. మధ్యలో నాలుగున్నర అంగుళాల ఇటుక గోడ, పది చదరపు మీటర్లు. ఆ గోడ గుండా హాలు నుంచి పడగ్గదిలోకి దాదాపు 60 వాట్లు జారుతుంది. అది భరించదగిందే. తలుపు తెరిచి ఉంచితే మాత్రం కాసేపట్లో రెండు గదులూ కలిసిపోతాయి. అంటే తలుపు మూసినంతసేపు వేడి గోడలను గౌరవిస్తుంది. ఈ మాట గుర్తుంచుకోవాలి, ఎందుకంటే ఇప్పుడు హైదరాబాదుకు తిరిగి వస్తే దీనికి ఎదురు నిలిచే సంగతి ఒకటి ఉంది.

ఉప్పల్ దాటి వరంగల్ రోడ్డు మీద పోచారంలో ఇన్ఫోసిస్ క్యాంపస్ ఉంది. అమీర్‌పేటలో కోర్సు పూర్తిచేసి ఉద్యోగానికి అక్కడ చేరినవాళ్లు ఎందరో. ఆ క్యాంపస్‌లో సాఫ్ట్‌వేర్ డెవలప్‌మెంట్ బ్లాక్ ఒకటి అనే భవనాన్ని, దాదాపు 24,000 చదరపు మీటర్లది, కావాలనే రెండు సమాన భాగాలుగా కట్టారు. అద్దాలు, గోడలు, దిక్కులు, మనుషులు, కంప్యూటర్లు రెండు వైపులా ఒకటే. ఒక సగానికి మంచి రకం మామూలు సెంట్రల్ ఏసీ, గొట్టాల్లోంచి చల్లగాలి వచ్చేది. రెండో సగంలో స్లాబులోనే పైపులు పొదిగి చల్లటి నీళ్లు పారించారు. మనుషులు పీల్చే గాలిని మాత్రం విడిగా, తేమ తీసి, కావలసినంతే పంపారు. 2011 నాటికి రెండు సగాలూ వాడకంలోకి వచ్చాయి. ఇన్ఫోసిస్‌కు చెందిన గురుప్రకాశ్ శాస్త్రి, అమెరికన్ ఇంజనీరు పీటర్ రమ్జీ కలిసి ఆ ఫలితాలను 2014లో ఏసీ ఇంజనీర్ల పత్రిక ఆష్రే జర్నల్‌లో ప్రచురించారు. రెండేళ్ల లెక్కలో స్లాబు వైపు చల్లదనానికి 34 శాతం తక్కువ కరెంటు పట్టింది. కట్టుబడి ఖర్చు కూడా రెండో వైపు కన్నా ఎక్కువ కాలేదు.

ఇందులో మాయ ఏమీ లేదు. ఒక ఘనపు మీటరు నీరు ఒక డిగ్రీకి మోసే వేడి, అంతే గాలి మోసేదానికి 3,500 రెట్లు. గాలిని తొయ్యడానికి పెద్ద ఫ్యాన్లు, అడుగు వెడల్పు గొట్టాలు కావాలి. అదే వేడిని మొయ్యడానికి వేలు లావు పైపు, చిన్న పంపు చాలు. రెండో లాభం నీళ్లను చల్లబరిచే యంత్రం, అంటే చిల్లరు, దగ్గర. గాలిని చల్లబరిచి తేమ కూడా పిండాలంటే నీళ్లు 7 డిగ్రీలకు దించాలి. స్లాబును చల్లబరచడానికి 14, 15 సరిపోతుంది. దించే లోతు తగ్గితే కంప్రెసరు కష్టం తగ్గుతుంది. రోజుల తరబడి ఒకే తీరుగా పనిచేసే ఆఫీసుకు కాంక్రీటు మొండితనం కూడా అక్కరకొస్తుంది. రాత్రి చల్లబరిచి ఉంచితే పొద్దున్నే వచ్చే వేడిని స్లాబు కొంత మింగుతుంది.

అయితే ఇదే పద్ధతిని పంజాగుట్ట ద్వారకాపురి కాలనీలో ఒక మూడు గదుల ఫ్లాటు నేలలో పెట్టుకుందాం, గదికో మీట పెట్టుకుందాం అంటే ఏమవుతుంది? మొదటి ఇబ్బంది బలానిది. పాదాలకు చలి పెట్టకుండా నేలను 20 డిగ్రీలకు మించి దించలేం. గది 26 అయితే తేడా ఆరు. చల్లటి నేల మీద చల్లగాలి కదలకుండా పడి ఉంటుంది, పైకి లేవదు. కాబట్టి వేడి చేసేటప్పటికన్నా నేల పట్టు తక్కువ. ఎంత లాగినా చదరపు మీటరుకు 42 వాట్ల దగ్గర ఆగుతుంది. పోచారంలో పైన ఉన్న స్లాబును వాడుకోవడం వల్ల ఈ ఇబ్బంది తగ్గింది. చల్లబడిన గాలి పైనుంచి కిందికి తానే జారుతుంది కదా.

పై అంతస్తు ఫ్లాటులో మీద పడేది ఎంత? అయిదంగుళాల కాంక్రీటు స్లాబు, పైన ఏ రక్షణా లేదు. ఎండకు దాని పైతలం 60 డిగ్రీలు, లోపల గది 28 అనుకుంటే చదరపు మీటరుకు 100 వాట్లకు పైనే లోపలికి దిగుతుంది. నేల లాగేది 42, పైకప్పు కురిపించేది 100. పడమటి గోడ, కిటికీ, మనుషులు, ఫ్రిజ్జు ఇంకా లెక్కలోకి రానేలేదు. ఇక్కడ మీట ఎటు తిప్పినా ఒకటే. అందుకే పైపులు ఎక్కడ పరచాలన్న ప్రశ్న కన్నా ముందు డాబా మీద తెల్ల రంగు వేశారా అన్న ప్రశ్న రావాలి.

ఈ ప్రశ్న మీద పనిచేసిన సంస్థల్లో ఒకటి పంజాగుట్టకు కూతవేటు దూరంలోనే, రాజ్‌భవన్ రోడ్డులోని బెల్లా విస్టాలో ఉంది. ఆ సంస్థ, అంటే అడ్మినిస్ట్రేటివ్ స్టాఫ్ కాలేజీ, గచ్చిబౌలిలోని ట్రిపుల్ ఐటీతో, మరికొందరితో కలిసి 2017లో నగరంలోని పేదల ఇళ్లు కొన్నింటి మీద ఎండను వెనక్కి కొట్టే పొర పరిచి కొలిచింది. లోపలి గాలి సగటున రెండు డిగ్రీలు తగ్గింది. ఆ దారిలోనే 2023 ఏప్రిల్‌లో తెలంగాణ ప్రభుత్వం కూల్ రూఫ్ విధానాన్ని ప్రకటించింది. 2028 నాటికి 300 చదరపు కిలోమీటర్ల పైకప్పులు లక్ష్యం. ప్రభుత్వ, వాణిజ్య భవనాలకు, 600 గజాలు అంతకు మించిన స్థలంలోని ఇళ్లకు తప్పనిసరి. అమీర్‌పేట సందుల్లోని రెండు వందల గజాల ఇళ్లు ఈ తప్పనిసరిలోకి రావు. అసలు ఎండ దెబ్బ వాటికే.

పైకప్పు సరిచేశాం, పడమటి కిటికీకి తడిక కట్టాం అనుకుందాం. అప్పుడు 42 వాట్లు సరిపోయే గదులు కొన్ని తేలతాయి. అక్కడ రెండో ఇబ్బంది ఎదురొస్తుంది, అసలైనది. గాలిలోని ఆవిరి నీరుగా మారే హద్దు ఉష్ణోగ్రత ఒకటుంది, డ్యూ పాయింట్ అంటారు. ఏ తలమైనా దానికన్నా చల్లగా ఉంటే దాని మీద నీళ్లు పడతాయి. మే నెల మధ్యాహ్నం 40 డిగ్రీల ఎండలో తేమ 20, 25 శాతమే, డ్యూ పాయింట్ 13కు 16కు మధ్య ఉంటుంది. 20 డిగ్రీల నేల హాయిగా పొడిగా ఉంటుంది. ఆగస్టులో ముసురు పట్టిన రోజు గాలి 28 డిగ్రీలే, కానీ తేమ 80 శాతం. డ్యూ పాయింట్ 24. ఇప్పుడు 20 డిగ్రీల నేల చెమరుస్తుంది. పాలరాతి మీద కాలు జారుతుంది, చెక్క తలుపుల అడుగులు ఉబ్బుతాయి, మూలల్లో బూజు పడుతుంది.

నేలను 25కు పెంచుదామంటే చల్లదనమే పోయింది. మిగిలిన దారి గాలిలో తేమ తియ్యడం, పోచారంలో విడిగా గాలి యంత్రం పెట్టింది అందుకే. అది కిటికీలు తెరవని ఆఫీసు. ఇల్లు అలా ఉండదు. వేడి తలుపు మూస్తే ఆగుతుందని ఇందాక చూశాం. ఆవిరి అంత మర్యాదస్తురాలు కాదు. తలుపు కింది సందులోంచి, తలుపు తీసిన ప్రతిసారీ, వంటింట్లో కుక్కరు కూత నుంచి, స్నానాల గది నుంచి అది ఇల్లంతా సర్దుకుంటుంది. కాబట్టి ఒక గదికి 22, ఇంకో గదికి 25 అని ఎవరి మీట వాళ్లు తిప్పుకోవచ్చు గానీ, పైపుల్లోని నీళ్లు ఎంత చల్లగా ఉండాలో నిర్ణయించేది ఇంట్లో అన్నిటికంటే తడిగా ఉన్న గది. అందరికీ ఒకే మానిఫోల్డ్ నుంచి ఒకే నీళ్లు వెళ్లాలి కదా. వేడిచేసే నేలకు ఈ బెడద లేదు. వెచ్చటి తలం మీద మంచు పడదు. అందుకే జర్మనీలో గదివారీ నియంత్రణ సాధ్యమైంది, ఇక్కడ అదే పైపులతో కష్టమైంది. తేడా వాతావరణానిదే, ఇంజనీర్లది కాదు.

మనం తక్కువగా చూసే స్ప్లిట్ ఏసీ గొప్పతనం ఇక్కడ కనబడుతుంది. అది వేడినీ తేమనూ ఒకే చల్లటి కాయిల్ మీద తీసేస్తుంది, తీసిన నీళ్లను పైపులోంచి కింది ఫ్లాటువాళ్ల బాల్కనీలోకి వదులుతుంది. ఏ గదికి ఆ గది. 2020 జనవరి 1 నుంచి కొత్త ఏసీలు ఆన్ చేయగానే 24 దగ్గర మొదలవ్వాలని ఇంధన పొదుపు సంస్థ నిబంధన తెచ్చింది. అహ్మదాబాదులోని సెప్ట్ యూనివర్సిటీ 2014లో భారతీయుల సౌఖ్యానికి ఒక సూత్రం ఇచ్చింది. కిటికీలు తెరుచుకుని ఉండే భవనంలో మనకు నచ్చే ఉష్ణోగ్రత బయటి సగటులో 0.54 వంతుకు 12.83 కలిపితే వస్తుందని. బయటి సగటు 33 అయితే అది 30.6. ఇంతవరకూ ఏసీ అక్కర్లేదు, ఫ్యాను రెగ్యులేటరు చాలు. నన్నడిగితే గదివారీ నియంత్రణకు మన దేశంలో ఇంతకంటే చవకైన, చురుకైన పరికరం రాలేదు. నేలలోని గచ్చు మూడు గంటలకు పలికితే ఇది మూడు క్షణాలకు పలుకుతుంది.

ఇంత తెలిశాక కూడా ఎవరైనా పంజాగుట్ట ఫ్లాటులో చల్లటి నేల పెట్టించుకుంటామంటే తప్పేమీ లేదు, వరస మాత్రం తప్పకూడదు. డాబా మీద తెలుపు, పడమటికి నీడ, తేమ తీసే యంత్రం, ఆ తర్వాతే పైపులు. ప్రతి గది చుట్ట మీదా తేమ సెన్సారు ఒకటి తగిలించాలి. నేల చెమర్చబోతోందని తెలియగానే ఆ గది వాల్వును అది మూసేస్తుంది. థర్మోస్టాటు ఏమడిగినా వినదు. ఆగస్టులో ముసురు విడవని వారం, పడగ్గదిలో స్టాండు మీద తడి బట్టలు ఆరేస్తే ఆ గది వాల్వు సాయంత్రం దాకా మూసే ఉంటుంది. బట్టలు కావాలా, చల్లదనం కావాలా అన్నది ఆ ఇంటివాళ్లు తేల్చుకోవాలి.